ఆంగ్ల రచనలో పెద్ద అక్షరం - మతసంబంధ పదాలు

తెలుగు, దేవనాగరి, తమిళం, గురుముఖి, ఉర్దూ లిపులలో వేటికీ పెద్ద అక్షరాలు, చిన్న అక్షరాలు అనే భేదం లేదు. అందుచేత మన దేశంలో ఏ ప్రాంతపు విద్యార్థికైనా ఆంగ్లం వ్రాయబూనినప్పుడు ఒకే చిక్కు ఎదురవుతుంది. ఏ మాటను పెద్ద అక్షరంతో ప్రారంభించాలి? వాక్యంలోని మొదటి మాట విషయంలో సందేహం లేదు. వాక్యం నడుమ వచ్చే మాటల విషయంలో, అందులోనూ మతానికి సంబంధించిన మాటల విషయంలో తడబాటు ఎక్కువ. గౌరవించదగిన ప్రతి మాటకూ పెద్ద అక్షరం ఉండాలని పలువురు భావిస్తారు. ఈ భావన సరికాదు.

ఆంగ్లంలో పెద్ద అక్షరం ముఖ్యంగా పేరును సూచిస్తుంది. ఒకే వ్యక్తికి, ఒకే స్థలానికి, ఒకే గ్రంథానికి చెందిన సంజ్ఞావాచకం పెద్ద అక్షరంతోను, ఒక జాతికంతటికీ వర్తించే సామాన్య నామం చిన్న అక్షరంతోను మొదలవుతాయి. నది అనే అర్థంగల 'రివర్' చిన్న అక్షరంతోను, 'గోదావరి' పెద్ద అక్షరంతోను వ్రాయబడటానికి కారణం ఇదే. వారాల పేర్లకు, నెలల పేర్లకు పెద్ద అక్షరం వాడతారు. ఋతువుల పేర్లకు వాడరు. ఇది ఆచారంవల్ల స్థిరపడిన పద్ధతి. పదునెనిమిదవ శతాబ్దపు ఆంగ్ల గ్రంథాలలో అనేక సామాన్య నామాలు సైతం పెద్ద అక్షరాలతో ముద్రితమయ్యేవి. జర్మన్ భాషలో నామవాచకాలన్నింటికీ నేటికీ పెద్ద అక్షరమే.

మతసంబంధ పదాలకూ ఈ సూత్రమే వర్తిస్తుంది. హిందూ, ముస్లిం, క్రిస్టియన్, సిక్కు, బౌద్ధ, జైన, పార్సీ అనే పేర్లన్నీ పెద్ద అక్షరంతో మొదలవుతాయి. వేదాలు, బైబిల్, ఖురాన్, గురుగ్రంథ సాహిబ్ అనే గ్రంథనామాలూ, దీపావళి, రంజాన్, క్రిస్మస్ అనే పండుగల పేర్లూ అట్టివే. దేవాలయం, మసీదు, చర్చి, గురుద్వారా - ఈ నాలుగింటి ఆంగ్ల పదాలూ సామాన్యార్థంలో చిన్న అక్షరంతో ఉంటాయి. అవే మాటలు పేరులో భాగమైనప్పుడు పెద్ద అక్షరం పొందుతాయి. హైదరాబాదులోని మక్కా మసీదు, అమృతసర్‌లోని గోల్డెన్ టెంపుల్, 1947లో ఏర్పడిన చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా ఇందుకు ఉదాహరణలు.

'గాడ్' అనే మాట విషయంలో మరింత శ్రద్ధ అవసరం. ఏకేశ్వరుని పేరుగా వాడినప్పుడు అది పెద్ద అక్షరంతో ఉంటుంది. దేవతలు అనే జాతిని సూచించే 'గాడ్స్', 'గాడెస్' పదాలు చిన్న అక్షరంతో ఉంటాయి. సరస్వతి, లక్ష్మి వంటి పేర్లకు మాత్రం పెద్ద అక్షరమే. దైవాన్ని సూచించే సర్వనామాలకు కొందరు పెద్ద అక్షరం వాడతారు. అయితే 1611లో వెలువడిన కింగ్ జేమ్స్ బైబిల్‌లో ఈ సర్వనామాలు చిన్న అక్షరాలతోనే ఉన్నవి. రెండు పద్ధతులలో దేనిని స్వీకరించినా, ఒకే వ్యాసంలో ఒకదానినే చివరివరకూ పాటించాలి.

ఈ నియమాలను గ్రహించటానికి భారత రాజ్యాంగపు ఆంగ్ల పాఠం చక్కని ఆధారం. ఇరువదియైదవ అధికరణకు చేర్చిన వివరణలో 'సిక్కు' అనే పేరు పెద్ద అక్షరంతో ఉన్నది. దాని పక్కనే ఉన్న 'రెలిజియన్' అనే మాట చిన్న అక్షరంతో ఉన్నది. పవిత్రమైనదే అయినప్పటికీ 'కిర్పాణ్' సామాన్య నామం కనుక దానికీ చిన్న అక్షరమే. మూడవ షెడ్యూలులోని ప్రమాణ పాఠంలో 'గాడ్' పెద్ద అక్షరంతో ఉన్నది. అది ఏ ఒక్క మతానికీ పరిమితమైన పేరు కాదు. పీఠికలో 'లిబర్టీ' మొదలైన ఆదర్శాలను పూర్తిగా పెద్ద అక్షరాలతో ముద్రించటం ప్రాధాన్యాన్ని చూపే ముద్రణ పద్ధతి. ఆ వెంటనే వచ్చే విశ్వాసం, ధర్మం, ఆరాధనలకు చెందిన మాటలు చిన్న అక్షరాలలోనే ఉన్నవి. అవి ఏ ఒక్క మతానికో చెందినవి కావు, అందరివీ.

విద్యార్థి తన మతగ్రంథం పేరును పెద్ద అక్షరంతోను, పొరుగువాని మతగ్రంథం పేరును చిన్న అక్షరంతోను వ్రాస్తే అది వ్యాకరణ దోషం మాత్రమే కాదు; చదివేవారికి అది పక్షపాతంగా తోస్తుంది. వ్రాసినవానికి ఆ ఉద్దేశం లేకపోవచ్చు. కాని కాగితంమీద ఉద్దేశం కనిపించదు, అక్షరమే కనిపిస్తుంది. అనేక మతాలవారు ఒకే తరగతిలో కూర్చుని ఒకే వ్యాసాన్ని చదివే దేశంలో ఈ జాగ్రత్త అత్యవసరం. వ్రాత ముగించిన పిమ్మట మతసంబంధమైన పేర్లన్నింటినీ ఒకసారి వరుసగా పరిశీలించి, అన్నింటికీ ఒకే కొలత పాటించినదీ లేనిదీ చూచుకొనటం ప్రతి విద్యార్థీ అలవరచుకొనవలసిన మంచి అభ్యాసం.