ఇంటర్వ్యూలో నేను నోరు తెరవని పది నిమిషాలు

"ప్లేస్‌మెంట్ సీజన్ వస్తోంది, ఇంటర్వ్యూల గురించి ఏదైనా రాయి, నువ్వు రెండు చూశావు కదా" అన్నారు మన క్లబ్ ఎడిటర్ అక్క. చూసిన మాట నిజమే. మొదటిది పోయింది. ఎలా పోయిందో చెబితే జూనియర్స్‌కి ఎక్కువ పనికొస్తుందని అక్కడి నుంచే మొదలుపెడుతున్నాను. ఎల్‌కేజీ నుంచి ఇంగ్లిష్ మీడియం కాబట్టి తెలుగులో తప్పులుంటే సర్దుకోండి. టైమ్ కాంప్లెక్సిటీకి తెలుగు మాట మాత్రం అడగొద్దు, నాకు రాదు.

ఇంటర్న్‌షిప్ కోసం ఆన్‌లైన్ ఇంటర్వ్యూ. ప్రశ్న చాలా చిన్నది. కొన్ని సంఖ్యలున్న ఒక అరే ఇస్తారు, ఒక టార్గెట్ ఇస్తారు. ఏ రెండు సంఖ్యలు కలిపితే ఆ టార్గెట్ వస్తుందో కనిపెట్టాలి. లీట్‌కోడ్‌లో 1వ నంబర్ ప్రశ్న ఇదే, "టూ సమ్". అకౌంట్ తెరిచిన రోజే నేను దీన్ని చేశాను. కానీ ఆ రోజు ముందుగా గుర్తొచ్చింది మామూలు పద్ధతి: లూప్‌లో లూప్ పెట్టి ప్రతి జతనీ కలిపి చూడటం. అది చెబితే "ఇంతేనా" అనుకుంటారని సిగ్గేసింది. మంచిది తట్టాక చెబుదాంలే అని స్క్రీన్ వైపు చూస్తూ కూర్చున్నాను. కాసేపటికి హాష్ మ్యాప్ తట్టింది కూడా. సరే, మొత్తం మనసులో రాసేసుకుని ఒకేసారి చెబుదామనుకున్నాను. ఈలోపు ఆయన "ఆర్ యూ దేర్?" అని రెండుసార్లు అడిగారు. పాపం, నెట్ పోయిందనుకున్నట్టున్నారు. పది నిమిషాలయ్యాక నేను టైప్ చేయడం మొదలుపెట్టేసరికి "టైమ్ అయిపోయింది, వేరే ప్రశ్నకి వెళ్దాం" అన్నారు. వేరే ప్రశ్న ఏంటో కూడా నాకిప్పుడు గుర్తులేదు.

వారం రోజులు నా బాధ ఒకటే, నాకు ఆన్సర్ వచ్చు కదా అని. తర్వాత వాళ్ల వైపు నుంచి ఆలోచించాను. నా బుర్రలో ఏముందో ఆయనకెలా తెలుస్తుంది? ఆయన ముందున్న కాగితంలో నా పేరు పక్కన రాయడానికి నేనేం ఇచ్చాను? ఆయన విన్నదే నా మార్కు. నేనేమీ వినిపించలేదు.

అందుకని అదే ప్రశ్నని ఎలా చెప్పి ఉండాల్సిందో ఇక్కడ చేసి చూపిస్తాను.

ముందు ప్రశ్నని మన మాటల్లో తిరిగి చెప్పాలి. తర్వాత అడగాలి: సంఖ్యలు వరసలో ఉన్నాయా? ఒకే సంఖ్య రెండుసార్లు రావొచ్చా? మైనస్‌లు ఉంటాయా? జత దొరక్కపోతే ఏం ఇవ్వాలి? ఇవి టైమ్ పాస్ ప్రశ్నలు కావు. చాలాసార్లు ప్రశ్నని కావాలనే సగం చెబుతారు, మిగతా సగం మనం అడుగుతామా లేదా అని చూస్తారు.

ఆ తర్వాత సిగ్గుపడకుండా మామూలు పద్ధతి చెప్పేయాలి. చెప్పి, దాని ఖర్చు కూడా చెప్పాలి. 10,000 సంఖ్యలుంటే జతలు 4,99,95,000, అంటే దాదాపు 5 కోట్లు. "ఇది పనిచేస్తుంది కానీ నెమ్మది, తగ్గించొచ్చేమో చూస్తాను" అంటే చాలు, అక్కడికే మీ ఖాతాలో కొంచెం పడుతుంది.

ఇప్పుడు తగ్గించడం. అరే 8, 3, 11, 5 అనుకోండి, టార్గెట్ 16. 3 దగ్గర నిలబడితే నాకు కావాల్సింది 13. దాని కోసం మళ్లీ అందరినీ అడగక్కర్లేదు, "13 ఇంతకుముందు కనిపించిందా" అని ఒక్కచోట అడిగితే సరిపోతుంది. ఆ ఒక్క చోటే హాష్ మ్యాప్. కిరాణా కొట్టు అప్పుల పుస్తకం లాంటిది. తేదీల వరసలో రాస్తే మన బాకీ వెతకడానికి పుస్తకమంతా తిరగేయాలి. డోర్ నంబర్‌ని బట్టి పేజీ ఇస్తే నేరుగా ఆ పేజీకే వెళ్తాం. అప్పుడప్పుడు రెండు ఇళ్లు ఒకే పేజీలో పడొచ్చు, దాన్నే కొలిజన్ అంటారు. అయినా సగటున పని 10,000 సంఖ్యలకి 10,000 సార్లు అడగడంతో అయిపోతుంది.

ఇదంతా నేను మా రూమ్మేట్‌కి చెప్పి ప్రాక్టీస్ చేశాను. వాడిది సివిల్, ఊరు కరీంనగర్ పక్కన. కోడింగ్ అంటే ఆమడ దూరం. మొదట తెలుగులో చెప్పేవాణ్ని, తర్వాత అదే చిన్న చిన్న ఇంగ్లిష్ వాక్యాల్లో. తెలుగులో ఎక్కడ నట్టు పడిందో ఇంగ్లిష్‌లోనూ సరిగ్గా అక్కడే పడేది. అంటే సమస్య నా ఇంగ్లిష్ కాదు, అక్కడ నాకే సరిగా అర్థం కాలేదు. ఇది తెలిశాక ఇంగ్లిష్ భయం సగం పోయింది.

ఒకసారి నేను కాగితం మీద 8ని మ్యాప్‌లో వేసేసి, తర్వాత "16 లోంచి 8 తీస్తే 8, అది మ్యాప్‌లో ఉందా? ఉంది! దొరికింది" అన్నాను. వాడు పడుకునే "ఆ ఎనిమిది ఒక్కటే కదరా, రెండుసార్లెట్ల తీసుకున్నవ్?" అన్నాడు. నాకు నోట మాట రాలేదు. ముందు అడగాలి, తర్వాత వేయాలి. ఆ రెండు లైన్లు అటూ ఇటూ అయితే కోడ్ తప్పు. అందుకే కోడ్ రాశాక "అయిపోయింది" అనకుండా, చిన్న ఉదాహరణ పెట్టి లైన్ బై లైన్ పైకి చదవాలి. 8 దగ్గర మనమే పట్టుకుంటే అది తప్పు కింద లెక్క రాదు.

"ఎక్స్‌ట్రా మెమరీ వాడొద్దు" అని వాళ్లు అడ్డం పడితే కంగారొద్దు. వరసలో పెట్టండి: 3, 5, 8, 11. రెండు చివర్లా రెండు వేళ్లు పెట్టండి. 3, 11 కలిపితే 14, తక్కువైంది, ఎడమ వేలు ముందుకి. 5, 11 కలిపితే 16. కాకపోతే పాత స్థానాలు అడిగితే సార్ట్ చేసినప్పుడు అవి పోతాయి, ఆ మాట మీరే ముందు చెప్పేయండి.

రెజ్యూమె గురించి ఒక్కటే. అందులో రాసిన ప్రతి లైనూ మీరు వాళ్లకి ఇచ్చిన ప్రశ్నే. మేం నలుగురం కలిసి ఒక ఈవెంట్ రిజిస్ట్రేషన్ సైట్ చేశాం. రెండో ఇంటర్వ్యూలో మేడమ్ "మీరందరూ సరే, నువ్వేం చేశావు?" అన్నారు. లాగిన్ చేశానన్నాను. "పాస్‌వర్డ్‌లు ఎలా దాచావు?" గుండె జారింది, ఎందుకంటే ఉన్నవి ఉన్నట్టే డేటాబేస్‌లో పెట్టాను. అబద్ధం నోటిదాకా వచ్చింది. వస్తే దాని మీద ఇంకో ప్రశ్న వస్తుందని తెలిసి నిజమే చెప్పాను: అలాగే పెట్టాను, అది తప్పు, ఇప్పుడైతే సాల్ట్ కలిపి బీక్రిప్ట్‌తో హాష్ చేస్తాను, అప్పుడు ఇద్దరు ఒకే పాస్‌వర్డ్ పెట్టుకున్నా దాచినవి వేరుగా కనిపిస్తాయి. "మరి హాష్ మ్యాప్‌లో హాష్ వేగంగా ఉండాలి కదా, ఇది ఎందుకు నెమ్మది?" అన్నారు. నాకు తెలీదు. తెలీదనే చెప్పి, పైకి ఆలోచించడం మొదలుపెట్టాను. వేగంగా ఉంటే దొంగ కూడా వేగంగా కోట్ల పాస్‌వర్డ్‌లు వేసి చూస్తాడు కదా... అన్నాను. ఆవిడ "గో ఆన్" అన్నారు. ఆ రోజు నేను విన్న మంచి మాట అదే.

"టెల్ మీ అబౌట్ యువర్‌సెల్ఫ్"కి బట్టీ వద్దు, ఒక్క నిమిషం చాలు. చొక్కా ఇస్త్రీ ముందురోజే చేసుకోండి, మా హాస్టల్‌లో కరెంట్‌ని నమ్మలేం.

నాలుగు రోజులకి మెయిల్ వచ్చింది, వేసవిలో రెండు నెలలు ఇంటర్న్‌షిప్. ఇప్పుడు మా రూమ్మేట్ వంతు, వాడి ఇంటర్వ్యూ వచ్చే మంగళవారం. రాత్రి కాంక్రీట్ క్యూబ్‌ని 28 రోజులు నీళ్లలో ఉంచి పరీక్షిస్తారని చెప్పుకుంటూ పోతున్నాడు. నేను పడుకునే "28 ఎందుకురా?" అన్నాను. వాడు లేచి కూర్చున్నాడు.