కవరత్తికి పోయేముందు ఇరకం చూడు

తడ

చిరంజీవి అమ్మడికి,

శ్రీసిటీలో ఉద్యోగం వదిలేసి లక్షద్వీపాల్లోని కవరత్తికి, సముద్రపు నీటిని మంచినీళ్లుగా మార్చే ప్లాంటులో పనికి పోతున్నావని మీ నాన్న ఫోన్ చేశాడు. నీకు నచ్చజెప్పి ఆపమని అతని ఉద్దేశం. ఆ పని నావల్ల కాదు. బతుకంతా భూగర్భజలాల శాఖలో బావుల్లోకి తొంగిచూసినవాణ్ని గనుక ఒక్క మాట మాత్రం చెబుతాను. దీవిలో దిగగానే ముందు బావి దగ్గరికి పో. సముద్రం ఎక్కడికీ పోదు, తర్వాత చూడొచ్చు.

మన శ్రీహరికోట దీవి అలలు తెచ్చి పోసిన ఇసుక దిబ్బ. కవరత్తి అలా పుట్టింది కాదు. డార్విన్ 1842లో రాసిన పుస్తకం ప్రకారం, నడిసముద్రంలో అగ్నిపర్వతం మెల్లగా కుంగిపోతుంటే దాని అంచున పగడపు జీవులు పాత గూళ్ల మీద కొత్త గూళ్లు కట్టుకుంటూ పైకి వస్తాయి. అవి విరిగి పొడైన ఇసుకే అక్కడి నేల. ఏరు లేదు, కొండ లేదు. పగడానికి తేటనీరు, ఎండ, నిలకడైన ఉప్పు కావాలి. మన పులికాట్ సరస్సు వానలప్పుడు దాదాపు మంచినీళ్లయిపోతుంది, మే నెలలో సముద్రాన్ని మించిన ఉప్పవుతుంది. ఇందులో పగడం బతికే మాటే లేదు.

పుట్టుక వేరైనా నీళ్ల దగ్గర రెండు దీవులదీ ఒకటే కథ. మన తీరంలో ఇసుకలో దొరువు తవ్వితే, అవతల అంత ఉప్పున్నా తియ్యటి నీళ్లు ఊరతాయి కదా. వాననీరు ఇసుకలోకి ఇంకి, బరువైన ఉప్పునీటి మీద మీగడలా తేలుతుంది. లెక్క ప్రకారం సముద్రమట్టానికి పైన ఒక అడుగు మంచినీరు నిలిస్తే, కింద నలభై అడుగుల దాకా మంచినీరే ఉంటుంది. చిన్న దీవిలో అంత మందం దొరకదనుకో. ఈ లెక్కను తిరగేసి చూడు. మోటారు పెట్టి పైమట్టం ఒక అడుగు దించావంటే, కింది ఉప్పు నలభై అడుగులు పైకి లేస్తుంది. చేదతో తోడుకున్నన్నాళ్లూ తరతరాలకు సరిపోయిన బావి, మోటారు పెట్టాక చెడిపోతుంది. పగడపు నేలకు ఇంకో చిక్కుంది. అది జల్లెడ. మరుగుదొడ్డి గుంతలో పడ్డదంతా వడకట్టకుండానే పక్క బావికి చేరుతుంది.

అందుకే ఆ ప్లాంటు. 2005లో చెన్నైలోని జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ వాళ్లు కట్టారు, రోజుకు లక్ష లీటర్లు. పైనుండే వెచ్చటి నీటిని గాలి తీసేసిన గదిలోకి పంపితే అందులో కొంత ఆవిరవుతుంది. 350 మీటర్ల లోతు నుంచి తోడిన చల్లటి నీటితో ఆ ఆవిరిని చల్లార్చి మంచినీళ్లు పడతారు. పగడపు దీవి గట్టు దాటితే లోతు నిట్టనిలువుగా దిగిపోతుంది గనుకే ఇది సాధ్యం. మన తీరంలో అంత లోతు కావాలంటే సముద్రంలోకి చాలా దూరం పోవాలి. యంత్రం సంగతి నాకన్నా నీకే బాగా తెలుస్తుంది. అయితే యంత్రం ఆగిన రోజున ఊరంతా వచ్చేది బావి దగ్గరికే. ఆ బావుల నీళ్లను నెలనెలా కొలిచి ఒక పుస్తకంలో రాసుకో. ఎవరూ అడగరు, అయినా రాయి.

కొలవడం మొదలుపెట్టేముందు అక్కడి ముసలమ్మల్ని అడుగు. ఏ బావి ఏ నెలలో ఉప్పన అవుతుందో వాళ్లు చెబుతారు. అలాంటి తెలివి మన శ్రీహరికోటలోనూ ఉండేది. రాకెట్ కేంద్రం రాకముందు అక్కడి అడవిలో యానాదులుండేవాళ్లు. ఏ గడ్డ తినొచ్చో, ఏ ఆకు మందో వాళ్లకు తెలుసు. డెబ్భైలలో వాళ్లను బయటికి తరలించారు. దాంతో ఎంత తెలివి చెదిరిపోయిందో ఎవరైనా లెక్క కట్టారో లేదో నాకు తెలియదు. నాకు ఇప్పటికీ మింగుడుపడని విషయం అది.

ఇక బతుకు సంగతి. మనకు వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా అయితే అక్కడ జూన్ నుంచి సెప్టెంబరు దాకా. ఆ నెలల్లో కొచ్చి నుంచి వచ్చే ఓడలు తగ్గుతాయి, కూరగాయలు దొరక్కపోతే విసుక్కోకు. కొబ్బరి, చేప అలవాటు చేసుకో. వాళ్లు మాట్లాడేది మలయాళంలో ఒక యాస. నీకు తమిళం వచ్చు గనుక తొందరగానే పట్టుబడుతుంది. ప్రవేశానికి అనుమతి పత్రం కావాలి, దాన్ని ఆఖరి వారానికి పెట్టుకోకు.

ఈ ఆదివారం పొద్దున్నే తడకు రా. భీమునివారిపాలెం రేవులో పడవెక్కి పులికాట్‌లోని ఇరకం దీవికి పోయొద్దాం. ఆసుపత్రికి, సంతకు, ఆఖరికి పెళ్లిచూపులకు కూడా పడవే దిక్కయిన ఊరు ఎలా ఉంటుందో ఒక పూట చూస్తే చాలు, కవరత్తిలో నీ గాభరా సగం తగ్గుతుంది. నీటి ఉప్పు కొలిచే నా మీటరు పెట్టెలో ఉంది, అది నీకే. బ్యాటరీలు మాత్రం కొనుక్కొని రా.

మీ పెదనాన్న