చేర్చే ముందు ఒక్కమాట

చిరంజీవి బుజ్జికి,

పైథాన్ భాషలో కొత్త సౌకర్యం ఒకటి చేర్చమని కోరే ప్రతిపాదన, అదే పెప్, రాస్తున్నానని నువ్వు ఫోన్‌లో చెప్పినప్పటి నుంచి నా కాళ్లు నేలమీద నిలవడం లేదు తల్లీ, పాలిటెక్నిక్‌లో నాతో పాఠాలు చెప్పినవాళ్లందరికీ చెప్పేసుకున్నాను. కానీ రాత్రి పడుకున్నాక, పైథాన్ వాళ్లు వద్దంటే నువ్వు తిండి మానేసి కూర్చుంటావేమోనని దిగులు పట్టుకుంది.

వద్దంటారే అనుకో. ఆ భాషను పుట్టించిన గిడో వాన్ రోసమ్ అంతటివాడే 2006లో స్విచ్ స్టేట్‌మెంట్ మీద పెప్ రాసి, మరుసటి ఏడు పైకాన్ సభలో మాట్లాడుతూ ఇది ఎందరికి కావాలని అడిగి, పెద్దగా ఎవరూ కోరడం లేదని తేలగానే తన ప్రతిపాదనను తానే కొట్టేశాడు. సి భాష నేర్చుకుని వచ్చిన పిల్లలు మా ల్యాబ్‌లో "మేడమ్, ఇందులో స్విచ్ ఏదండీ?" అని అడిగితే, వరసగా ఎలిఫ్‌లు రాసుకోండి నాయనా అనేదాన్ని. ఆ స్విచ్ లాంటిదే చివరికి 2021లో 3.10 వెర్షన్‌తో మ్యాచ్ అన్న పేరుతో వచ్చింది, విలువనే కాక దాని ఆకారాన్ని కూడా చూసి విడదీసేంత పెద్దదై వచ్చింది.

అందులో నా మనసుకు పట్టింది మరొకటి. మ్యాచ్ అన్న పేరు అప్పటికే ఎందరో తమ వేరియబుల్స్‌కి పెట్టుకున్నారు, రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్ల మాడ్యూల్‌లో ఆ పేరుతో ఫంక్షనే ఉంది. అందుకని ఆ పేరును వాళ్ల దగ్గర్నుంచి లాక్కోకుండా, స్టేట్‌మెంట్ మొదట్లో తగిన చోట వస్తేనే కీవర్డ్‌గా చూసి, మిగతాచోట్ల మామూలు పేరుగా ఉండనిచ్చారు. అంతకుముందు 3.7లో అసింక్‌ను పూర్తి కీవర్డ్ చేసినప్పుడు, ఆ పేరు వాడుకున్న పాత ప్రోగ్రాములు ఆగిపోయాయి. ముక్కూమొహం తెలియని మనిషి ఎప్పుడో రాసుకున్నది మనవల్ల చెడిపోకూడదన్న ఆ తలంపు ఎంత మంచిదే!

నీకు ఆ గుణం చిన్నప్పుడే ఉంది. వీధిలో ఆటకి కొత్త నియమం పెడితే, పెద్దపిల్లలు ఎదురింటి బుడ్డోణ్ణి ఆటలో అరటిపండు అని వదిలేసేవాళ్లు, నువ్వు మాత్రం ఆట ఆపించి, వాడి పక్కన గొంతుక్కూర్చుని, వాడికి అర్థమయ్యేదాకా చెప్పి గానీ లేచేదానివి కాదు, వాళ్లెంత విసుక్కున్నా సరే. నువ్వు రాసే పెప్‌లో "దీన్ని ఎలా నేర్పాలి" అన్న భాగం ఉంటుంది చూశావా, చాలామంది దాన్ని చివర్లో రెండు వాక్యాలతో సరిపెడతారేమో, నువ్వు మాత్రం అదే ముందు రాయి. చేర్చడం ఒకనాటి పని, తీసెయ్యాలంటే ఏళ్లు పడుతుంది. పైగా ఒకసారి చేరిందంటే, దాన్ని తాను వాడని పిల్ల కూడా ఎవరో రాసిన ప్రోగ్రాము చదవాలంటే దాన్ని నేర్చుకోక తప్పదు. ఆ పిల్ల మీ చర్చలో ఉండదు కదమ్మా, ఆమె తరఫున నువ్వే ఉండాలి.

ఇంకొకటి. 2018 జూలైలో, పెప్ 572 మీద సాగిన వాదనలకు అలసిపోయి, దాన్ని ఆమోదించిన వెంటనే గిడో నిర్ణయాధికారం వదులుకున్నాడు. ఇప్పుడు ఎన్నికైన అయిదుగురి కౌన్సిల్ ఆ భారం మోస్తోంది. వాళ్లూ మనుషులే తల్లీ. నీతో ఏకీభవించనివాళ్ల అభ్యంతరాన్ని వాళ్లకన్నా బాగా నువ్వే రాసిపెట్టు, ఎవరిమీదా మాట తూలకు. ఒకవేళ కొట్టేసినా, కారణాలతో సహా ఆ పెప్‌ను అక్కడే ఉంచుతారు, రేపు అదే ఆలోచన వచ్చిన ఇంకొకరు చదువుకుంటారు; నీ కష్టం వృథా కాదు.

నేర్పే భాగం పూర్తవగానే ముందు నాకు పంపు. నాకు అర్థంకాని వాక్యం ఎక్కడుందో గీత గీసి మరీ చెబుతాను, అది సరిచేశాకే వాళ్లకి పంపు. వేళకి తిను.

ఆశీస్సులతో,
అమ్మ