కాలేయాన్ని బతికించే యంత్రం

మేక కార్జం అందరికీ తెలుసు. మనిషి ఒంట్లోనూ కార్జం ఉంటుంది. దాన్నే కాలేయం అంటారు. ఆసుపత్రిలో లివర్ అంటారు. అది కడుపు పైభాగంలో, కుడివైపు పక్కటెముకల కింద ఉంటుంది. బరువు సుమారు కిలోన్నర. తిన్న తిండిని ఒంటికి పనికొచ్చేలా మారుస్తుంది. రక్తంలో చేరిన విషాలను విరిచేస్తుంది. పైత్యరసాన్ని తయారు చేస్తుంది.

కాలేయం పూర్తిగా చెడిపోతే మందులు పనిచేయవు. వేరొకరి కాలేయం అమర్చాలి. దీన్ని కాలేయ మార్పిడి అంటారు. అమెరికాలో థామస్ స్టార్జల్ అనే సర్జన్ 1963లో మొదటిసారి ఈ ఆపరేషన్ చేశారు. మొదట్లో రోగులు బతకలేదు. 1967లో ఒక చిన్నపాపకు చేసిన మార్పిడి ఫలించింది. ఆ పాప ఏడాదికి పైగా బతికింది.

మంచు పెట్టె

కాలేయం ఇచ్చేవారు ఒక ఊళ్ళో ఉంటారు. పుచ్చుకునేవారు ఇంకో ఊళ్ళో ఉంటారు. మరి దాన్ని ఎలా తీసుకువెళ్ళాలి?

చేపలను మంచులో పెట్టి తెస్తారు కదా! కాలేయాన్నీ అలాగే తెస్తారు. చల్లటి మందునీళ్ళతో కడుగుతారు. సంచిలో పెట్టి, మంచు పెట్టెలో ఉంచుతారు. చల్లదనానికి కాలేయం పని నెమ్మదిస్తుంది. అందుకని వెంటనే పాడవదు. 1980లలో అమెరికాలోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో ఇద్దరు కలిసి మంచి మందునీళ్ళు తయారు చేశారు. ఒకరు ఫోల్కర్ట్ బెల్జర్, సర్జన్. ఇంకొకరు జేమ్స్ సౌతార్డ్, జీవరసాయన శాస్త్రవేత్త. దాంతో కాలేయాన్ని మునుపటికన్నా ఎక్కువ గంటలు దాచే వీలు కలిగింది.

అయినా రెండు చిక్కులు మిగిలాయి. మొదటిది గడియారం. మంచులో ఉన్న కాలేయం నెమ్మదిగానైనా దెబ్బతింటూనే ఉంటుంది. మామూలుగా 12 గంటల లోపే అమర్చాలని చూస్తారు. కొవ్వు పట్టిన కాలేయమైతే ఇంకా తొందరగా చెడుతుంది.

రెండో చిక్కు అంతకంటే పెద్దది. కొబ్బరికాయ కొడితే గాని లోపల బాగుందో కుళ్ళిందో తెలియదు. మంచులోని కాలేయమూ అంతే. అది పనిచేస్తుందో లేదో రోగికి అమర్చాకే తెలుస్తుంది. అప్పుడు పనిచేయకపోతే రోగి ప్రాణానికే ముప్పు. అందుకే అనుమానం వచ్చిన కాలేయాలను డాక్టర్లు వదిలేస్తారు. అందులో మంచివీ పోతాయి. అక్కడ కాలేయం కోసం ఎదురుచూస్తూ మనుషులు చనిపోతుంటారు.

ఇద్దరి జత

ఇంగ్లండులో ఆక్స్‌ఫర్డ్ అనే ఊరుంది. అక్కడ పేరున్న విశ్వవిద్యాలయం ఉంది. పీటర్ ఫ్రెండ్ అక్కడ అవయవ మార్పిడి చేసే సర్జన్. కాలేయాన్ని చల్లబరచకుండా, ఒంట్లో ఉన్నట్టే వెచ్చగా ఉంచితే ఎలా ఉంటుందని ఆయన, ఆయన తోటివారు ఆలోచించారు. ముందుగా పంది కాలేయాల మీద చేసి చూశారు. పంది కాలేయాన్ని 72 గంటలు ఒంటి బయట బతికించామని 2002లో ప్రకటించారు.

కానీ అది ప్రయోగశాలలో చేసిన పని. అంబులెన్సులో తీసుకువెళ్ళాలంటే ఒక యంత్రం కావాలి. సర్జన్‌కు జబ్బు సంగతి తెలుసు. యంత్రం చేయడం తెలియదు. అది తెలిసిన మనిషి కాన్‌స్టాంటిన్ కూసియోస్. ఆయన అదే విశ్వవిద్యాలయంలో ఇంజనీరు. ఇద్దరూ జతకట్టారు.

యంత్రం పనిచేసే తీరు ఇలా ఉంటుంది. గుండెకు బదులు ఒక పంపు ఉంటుంది. ఊపిరితిత్తులకు బదులు రక్తంలో ఆక్సిజన్ కలిపే భాగం ఉంటుంది. దాతలిచ్చిన రక్తం కాలేయంలో తిరుగుతుంది. వేడి 37 డిగ్రీలు. అంటే ఒంటి వేడే. పోషకాలు కూడా అందుతాయి. కాలేయం తాను ఇంకా ఒంట్లోనే ఉన్నట్టు పనిచేస్తుంది. పైత్యరసం కారుతుంది. డాక్టర్లు అది చూస్తారు. రక్తం పరీక్షిస్తారు. ఆ కాలేయం పనికొస్తుందో లేదో ముందే అంచనా వేస్తారు. కొబ్బరికాయ కొట్టకుండానే లోపల చూసినట్టన్నమాట!

కంపెనీ ఎందుకు?

ఒక్క యంత్రం చేస్తే చాలదు. వందలు చేయాలి. ఆసుపత్రులకు చేర్చాలి. ప్రభుత్వాల అనుమతి తేవాలి. దానికి డబ్బు, మనుషులు కావాలి. అందుకే 2008లో ఫ్రెండ్, కూసియోస్ కలిసి ఆర్గనాక్స్ అనే కంపెనీ పెట్టారు. యంత్రానికి మెట్రా అని పేరు పెట్టారు.

పొదుపు సంఘంలో అన్ని పనులూ ఒక్కరే చేయరు. నాయకురాలు ఒకరు. లెక్కలు రాసేది ఇంకొకరు. పెద్ద నిర్ణయానికి అందరూ కూర్చుంటారు. కంపెనీలోనూ అంతే. రోజువారీ పని నడిపేది ముఖ్య అధికారి. ఆయన పనిని, డబ్బును కనిపెట్టి చూసేది డైరెక్టర్ల బోర్డు. వైద్యం, శాస్త్రం తెలిసిన సలహాదారులు వేరే ఉంటారు. 'ఇది రోగికి మేలా, కీడా?' అని అడగడం వాళ్ళ పని. డబ్బు వైపు వాళ్ళు తొందరపడినా, వీళ్ళు ఆగమని చెప్పగలగాలి.

పెద్దవాళ్ళు చెబితే చాలా?

పెద్ద చదువులవాళ్ళే యంత్రం చేశారు. మరి నమ్మేయవచ్చా? కాదు. పరీక్ష పెట్టాలి.

2013లో లండన్‌లోని కింగ్స్ కాలేజ్ ఆసుపత్రిలో మొదటగా ఇద్దరు రోగులకు ఈ యంత్రంలో ఉంచిన కాలేయాలు అమర్చారు. ఇద్దరూ కోలుకున్నారు. ఇద్దరితో రుజువైపోదు. తర్వాత యూరప్‌లో పెద్ద పరీక్ష జరిగింది. అందులో 220 మార్పిడులు చేశారు. ఏ కాలేయం మంచు పెట్టెలోకి, ఏది యంత్రంలోకి అన్నది డాక్టర్లు ఎంచుకోలేదు. చీటీలు వేసినట్టు తేల్చారు. ఎందుకు? మంచి కాలేయాలన్నీ యంత్రంలో పెడితే యంత్రమే గెలుస్తుంది. అది న్యాయమైన పరీక్ష కాదు.

ఫలితాలు 2018లో నేచర్ అనే పత్రికలో వచ్చాయి. యంత్రంలో ఉంచిన కాలేయాలకు తగిలిన దెబ్బ సగమే. వాడకుండా వదిలేసిన కాలేయాల వంతు కూడా సగానికి తగ్గింది. యంత్రంలో ఉంచినవి ఇంకా ఎక్కువసేపు నిలిచాయి. కానీ రోగులు బతకడంలో రెండు పద్ధతులకూ పెద్ద తేడా కనిపించలేదు. ఆ మాటనూ దాచకుండా రాశారు. ఫ్రెండ్, కూసియోస్ ఆ కంపెనీ పెట్టినవారేనని కూడా రాశారు. చదివేవారికి అది తెలియాలి. ఎందుకంటే యంత్రం అమ్ముడైతే వాళ్ళకు లాభం ఉంది.

2021 డిసెంబరులో అమెరికా ప్రభుత్వం ఈ యంత్రానికి అనుమతి ఇచ్చింది. 2025లో జపాన్‌కు చెందిన టెరుమో కంపెనీ ఆర్గనాక్స్‌ను సుమారు 150 కోట్ల డాలర్లకు కొంటామని ఒప్పందం చేసుకుంది. పంది కాలేయంతో మొదలైన పని అంత దూరం వెళ్ళింది. అంత ఖరీదైన పనిని పేదవారి దాకా చేర్చడం ఇంకో పెద్ద పని.

ఇచ్చేవారు ఉంటేనే

యంత్రం కాలేయాన్ని కాపాడుతుంది. కాలేయాన్ని పుట్టించలేదు. ఎవరో ఇవ్వాలి. ఇంట్లో మనిషి మెదడు చచ్చిపోయిందని డాక్టర్లు తేల్చినప్పుడు, ఆ దుఃఖంలోనే కుటుంబం ఒప్పుకోవాలి. తెలుగు రాష్ట్రాల్లో ఇందుకు జీవన్‌దాన్ అనే ప్రభుత్వ పథకం ఉంది. మన దేశంలో 1994 చట్టం ప్రకారం అవయవాలు అమ్మడం, కొనడం నేరం. దానం మాత్రమే చేయాలి.

కొత్త మాటలు
అవయవ మార్పిడి – చెడిన అవయవం తీసి వేరొకరిది అమర్చడం
దాత – ఇచ్చేవారు
సలహాదారు – తెలిసిన విషయంలో మంచిచెడ్డలు చెప్పేవారు

ఆలోచించండి, మాట్లాడుకోండి
1. మంచు పెట్టెతో వచ్చిన రెండు చిక్కులు ఏమిటి?
2. సర్జన్, ఇంజనీరు ఎందుకు జతకట్టాల్సి వచ్చింది?
3. పరీక్షలో చీటీలు వేసినట్టు ఎందుకు తేల్చారు?
4. కొత్త మందో, యంత్రమో మంచిదని ఎవరైనా చెబితే మీరు ఏయే ప్రశ్నలు అడుగుతారు?