కొత్త మోడలా, నిరుటి మోడలా?

ప్రశ్న: మా అమ్మాయి తిరుపతిలో బీటెక్ కంప్యూటర్ సైన్స్‌లో చేరింది. లాప్‌టాప్‌కు 45 వేలకు మించి పెట్టలేను. ఇప్పుడే విడుదలైన మోడల్ కొనమంటారా?
– ఓ తండ్రి, చిత్తూరు

జవాబు: తొందరపడకండి. మొదటి ఏడాది నేర్పే సీ, పైథాన్ ప్రోగ్రాములకు నిరుడు వచ్చిన మోడల్ హాయిగా సరిపోతుంది.

పైగా పెట్టె మీద కొత్త అని ఉన్నంత మాత్రాన లోపలి సరుకు కొత్తదని కాదు. రైజన్ 5 7520యూ ప్రాసెసర్‌నే తీసుకోండి. వచ్చింది 2022లో, లోపల ఉన్నది మాత్రం 2019 నాటి జెన్ 2 అనే పాత డిజైన్. నంబరులో మూడో అంకె చూడండి, అక్కడ 2 ఉంది. అదే 7530యూలో 3 ఉంటుంది, అంటే జెన్ 3. ఒక్క అంకె మారితే పనితీరు బాగా మారిపోతుంది. ఇంకో సంగతి, 7520యూ ఉన్న లాప్‌టాప్‌లలో ర్యామ్ బోర్డుకే అతికించి ఉంటుంది. 8 జీబీది కొంటే నాలుగేళ్లూ 8 జీబీయే. మూడో ఏడాదిలో ఆండ్రాయిడ్ స్టూడియో తెరిచి, పక్కన బ్రౌజర్‌లో పది ట్యాబ్‌లు పెట్టేసరికి మొరాయిస్తుంది.

కాబట్టి 16 జీబీ ర్యామ్, 512 జీబీ ఎస్‌ఎస్‌డీ ఉన్నది వెతకండి. మీ డబ్బుకు అది రాకపోతే 8 జీబీతో పాటు ఖాళీ ర్యామ్ స్లాట్ ఉన్నది అడగండి, తర్వాత పెంచుకోవచ్చు. గ్రాఫిక్స్ కార్డు కోసం అప్పు చేయొద్దు.

ఆ కంపెనీ సర్వీస్ సెంటర్ తిరుపతిలోనే ఉందా, లేక రిపేరుకు చెన్నై పంపుతారా అన్నది డబ్బు కట్టకముందే కనుక్కోండి. బిల్లు మీద సీరియల్ నంబరు తప్పక రాయించుకోండి.