ఇండెంటులో కోత పడితే ల్యాబులో ఏం తగ్గించాలి?

డిగ్రీ కాలేజీ కెమిస్ట్రీ ల్యాబుకు ఈ ఏడాది నిధులు సగానికి సగం తగ్గాయనుకోండి. ఇండెంటులో ముందుగా కొట్టేసేది కళ్లజోళ్లు, గ్లవ్స్, ఫ్యూమ్ హుడ్ సర్వీసింగే. అవి లేకున్నా రేపటి ప్రాక్టికల్స్ ఆగవు కదా అని ధీమా! నిజానికి కత్తెర వేయాల్సింది రసాయనాల పద్దుకు. అక్కడ తగ్గించే కొద్దీ ఖర్చుతో పాటు ప్రమాదమూ తగ్గుతుంది.

పరిమాణంతో మొదలుపెట్టండి. సాల్ట్ అనాలిసిస్‌ను సెమీ మైక్రో పద్ధతికి మార్చితే మిల్లీలీటర్లలో పోసేవి చుక్కలతో సరిపోతాయి. టైట్రేషన్‌కు 20 మి.లీ. పిపెట్ బదులు 10 మి.లీ.ది వాడితే ద్రావణం సగం మిగులుతుంది. ఒక్కో ప్రయోగానికి ఎవరు ఎంత తీసుకోవాలో బోర్డు మీద రాయండి. 2010లో అమెరికాలోని టెక్సస్ టెక్ యూనివర్సిటీలో 100 మిల్లీగ్రాములు దాటకూడని పేలుడు పదార్థాన్ని దాదాపు 10 గ్రాములు తయారుచేశారు. అది పేలి ఒక విద్యార్థి చేతివేళ్లు పోయాయి, కన్ను దెబ్బతింది. ఆ పరిమితి నోటిమాటగానే ఉంది, ఎక్కడా రాసి లేదు.

గాజుసామాను కడగడానికి క్రోమిక్ యాసిడ్ మానేసి డిటర్జెంటు వాడండి. బెంజీన్ అవసరమైన చోట చాలాసార్లు టోలుయీన్ సరిపోతుంది. పాదరసం థర్మామీటరు పగిలినప్పుడల్లా దాని స్థానంలో ఆల్కహాల్‌ది కొనండి. పెద్ద సీసా చౌక అని ఈథర్ ఎక్కువగా తెప్పించవద్దు. మూత తీశాక నెలల తరబడి నిల్వ ఉంటే అందులో పెరాక్సైడ్లు పుడతాయి, స్వేదనం చేసేటప్పుడు పేలొచ్చు. చిన్న సీసా కొని, మూత తీసిన తేదీ లేబుల్ మీద వేయండి.

స్టాక్ రిజిస్టర్ పట్టుకుని ఒక పూట పాత బీరువాలు చూడండి. నైట్రిక్ యాసిడ్‌ను ఎసిటిక్ యాసిడ్, అసిటోన్‌ల పక్క నుంచి తీసేసి విడిగా పెట్టండి. దీనికి పైసా ఖర్చు లేదు. ఎండిపోయిన పిక్రిక్ యాసిడ్ సీసా కనబడితే మాత్రం ముట్టుకోవద్దు. మూత చుట్టూ పసుపు స్ఫటికాలు పేరుకుని ఉంటే మూత తిప్పే రాపిడికే పేలవచ్చు. గదికి తాళం వేసి, నిపుణులను పిలిపించండి.

తగ్గించకూడనివి మూడే: కళ్లజోడు, ధారగా వచ్చే నీళ్లు, గాలిని బయటికి లాగే ఫ్యాను. కంట్లో యాసిడ్ పడితే కనీసం 15 నిమిషాలు ఆపకుండా కడగాలి. ఐవాష్ కొనలేకపోతే కుళాయికి బిగించే రకం దొరుకుతుంది. వారానికోసారి నీళ్లు వదిలి చూడండి. వాడిపారేసే గ్లవ్స్‌ను కడిగి మళ్లీ తొడుక్కుంటే ఒరిగేది ఏమీ లేదు, చర్మం కాలడం తప్ప. సోడియం దగ్గర ఒక బకెట్ పొడి ఇసుక, యాసిడ్ ఒలికితే చల్లడానికి వంటసోడా ఉంచుకోండి.

ఇక ప్రిన్సిపాల్‌కు రాసే లేఖ. ‘భద్రతా పరికరాలు మంజూరు చేయగలరు’ అని రాస్తే అది ఫైల్లోనే ఉండిపోతుంది. ‘హుడ్ మోటారు బాగయ్యేదాకా ఫలానా రెండు ప్రయోగాలు నిలిపివేస్తున్నాం, మరమ్మతు అంచనా జతచేశాం’ అని రాయండి. నిలిపేసిన ప్రయోగం గురించి పరీక్షల ముందు ఎవరో ఒకరు అడిగి తీరుతారు. లేఖ మీద ఇన్‌వర్డ్ నంబరు వేయించుకుని ఒక కాపీ ల్యాబులో దాచుకోండి.