పెనుకొండ కట్టడములు: ఒక పరిశీలన

రొద్దం ప్రాంతమునుండి పెనుకొండకు వచ్చిపోవువారు అనేకులు. కొండను చూడనివారు లేరు గాని, దాని పాదమున నున్న కట్టడముల ముందు నిలిచి చూచినవారు కొలదిమందియే. చూచినవారును "ఇది హిందువులది, అది ముసల్మానులది" అని చెప్పి సాగిపోవుదురు. ఈ విభజన గగనమహలు ముందు నిలువదు.

కోట ఉత్తరద్వారమువద్ద 1354 నాటి శాసనము ప్రకారము, మొదటి బుక్కరాయలు ఈ సీమను తన కుమారుడగు విరూపణ్ణ ఒడయరునకు అప్పగించెను. 1565లో రాక్షసి-తంగడి యుద్ధమున విజయనగర సేన దక్కను సుల్తానుల చేతిలో ఓడిన పిమ్మట తిరుమలరాయలు రాజధానిని ఇచ్చటికి మార్చెను. 1589లో గోల్కొండ సైన్యము ఈ కోటను ముట్టడించెను.

ఇంతటి వైరము నడచిన కాలమున రాజులు నివసించిన భవనమెట్లున్నదో చూడుడు. గగనమహలు 16వ శతాబ్దికి చెందిన అంతస్తుల కట్టడము. దాని గోడలలో మొనదేలిన కమానులు, లోపల గుమ్మటపు కప్పులు. పైన గుడిగోపురమును పోలిన శిఖరము. కమానులను బట్టి మతమును నిర్ణయించువారు ఈ శిఖరమును ఏమందురు? హంపిలోని కమలమహలును చూచినవారికి ఈ కలయిక క్రొత్తది గాదు. సుల్తానులతో పోరాడిన రాజులు వారి వాస్తురీతిని మాత్రము పరాయిదని త్రోసివేయలేదు.

ఊరిలో రామాలయము, ఈశ్వరాలయము ప్రక్కప్రక్కనే కలవు. రామాలయపు గోడలపై రామాయణ, కృష్ణకథా శిల్పములను తీరికగా చూడవలెను. పార్శ్వనాథాలయము కలదు, జైన సంప్రదాయమున ఢిల్లీ, కొల్హాపురము, జినకంచులతోపాటు పెనుకొండయు విద్యాపీఠముగా లెక్కింపబడినది. షేర్‌ఖాన్ మసీదు కలదు. బాబా ఫక్రుద్దీన్ దర్గా సంగతి జనులందరు ఎరిగినదే. ఆయన సీస్తాను రాజ్యమును విడిచి, తిరుచిరాపల్లిలో నథర్‌వలీకి శిష్యుడై, గురువిచ్చిన పండ్లపుల్ల ఎచ్చట చిగిర్చునో అచ్చటనే నివసింపుమన్న ఆజ్ఞ మేరకు ఇచ్చట నిలిచెనని ఐతిహ్యము.

పరదేశమునుండి ఒక పోలిక. పెరూ దేశమందలి కుజ్కో పట్టణమును 16వ శతాబ్దిలో స్పెయినువారు జయించి, ఇంకా ప్రజల కొరికాంచ ఆలయపు గోడలపైననే శాంతో డొమింగో చర్చిని నిర్మించిరి. 1950 భూకంపమున చర్చి దెబ్బతినగా ఇంకాల రాతిగోడలు చెక్కుచెదరక బయటపడినవి. అచ్చట జయించినవారు ఓడినవారి గోడపై కట్టిరి; ఇచ్చట ఓడినవారు జయించినవారి కమానును తమ ఇంట నిలుపుకొనిరి. ఆ స్పెయిను మన రాజులకు బొత్తిగా తెలియనిదియు గాదు. 1598లో ఏసుసభ ఫాదరీలు వెంకటపతిరాయల కొలువునకు వచ్చునాటికి పోర్చుగలును ఏలుచున్నది స్పెయిను రాజే.

అయితే ఆ ఫాదరీలు వచ్చినది చంద్రగిరికి. కొలువు అప్పటికే పెనుకొండను విడిచిపోయినది. దర్గాలో ఉరుసు మాత్రము నేటికిని ఏటేట జరుగుచున్నది.